అలాక్రిటీ అంటే వేగం ఒక్కటే కాదు

ఇంగ్లీషులో అలాక్రిటీ అనే మాటను చాలామంది 'వేగం' అని గుర్తుపెట్టుకుంటారు. అది సగమే. ఏదైనా అడగ్గానే ముఖం వెలిగిపోయి, 'ఓ, తప్పకుండా!' అంటూ లేచి వస్తారు చూడండి, ఆ హుషారు, ఆ సంసిద్ధత రెండూ కలిస్తేనే అలాక్రిటీ. బాస్‌కి భయపడి హడావిడిగా చేసిన పని ఎంత త్వరగా అయినా దీని కిందికి రాదు. ఇది నామవాచకం. ఎక్కువగా ముందు 'విత్' పెట్టి వాడతారు: 'షి యాక్సెప్టెడ్ ది ఆఫర్ విత్ అలాక్రిటీ.' పలికేటప్పుడు 'లా' మీద ఒత్తు పెట్టండి.

లాటిన్‌లో చురుకుదనాన్ని చెప్పే మాట దీనికి మూలం. పాశ్చాత్య సంగీతంలో హుషారైన నడకకు వాడే 'అల్లెగ్రో' కూడా అక్కడి నుంచే వచ్చింది. నాకైతే ఆ చుట్టరికం తెలిశాకే అర్థం మనసులో నిలిచిపోయింది. కాస్త పుస్తకాల మాట కాబట్టి, చాటింగ్‌లో కంటే వ్యాసాల్లో బాగా నప్పుతుంది.