ఎయిర్ పంపు రొదకి పెట్టె కడుతున్నారా? ముందు ఈ జాగ్రత్తలు

పడుకునే గదిలో అక్వేరియం ఉన్నవాళ్లకి, రాత్రిపూట ఎయిర్ పంపు చేసే గుర్రు ఎంత చికాకు పెడుతుందో వేరే చెప్పక్కర్లేదు. దాన్నో పెట్టెలో పెట్టి మూసేద్దామని అనిపించడం సహజమే. పెట్టె కట్టొచ్చు కూడా. కాకపోతే ఒక సంగతి గుర్తుపెట్టుకుని పని మొదలుపెట్టండి: పంపు తన చుట్టూ ఉన్న గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది. పెట్టె మూసిన దగ్గర్నుంచి తొట్టెలోకి వెళ్లేది ఆ పెట్టెలో గాలే. అది వేడెక్కినా, చాలకపోయినా, అందులో ఏదైనా వాసన కలిసినా ముందు నష్టపోయేది చేపలు.

అసలు పెట్టె అవసరమా?

ఇళ్లలో వాడే చిన్న పంపులు ఎక్కువగా డయాఫ్రమ్ రకం. లోపల కాయిల్ పక్కన అయస్కాంతం బిగించిన చిన్న చేయి ఉంటుంది. 50 హెర్ట్జ్ కరెంటు మీద అది సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతూ రబ్బరు పొరని నొక్కుతుంది. ఆ అదురు బల్లకో కేబినెట్‌కో పాకితే శబ్దం పెద్దదవుతుంది. పంపు నడుస్తుండగా పొడి చేత్తో దాన్ని కాస్త పైకెత్తి చూడండి. రొద బాగా తగ్గిపోతే సమస్య బల్లతోనే. కింద మెత్తటి ఫోమ్ ముక్క వేయడమో, తాడుతో వేలాడదీయడమో చేస్తే సరిపోతుంది, పెట్టె అక్కర్లేదు. ఫోమ్ వేసేముందు పంపుని తిరగేసి చూడండి. చాలా పంపులకి గాలి పీల్చే రంధ్రం అడుగునే ఉంటుంది, దాన్ని మూసేయకూడదు. గొట్టం గోడకి తగిలి టకటకమంటోందేమో కూడా చూడండి.

చేతిలో పట్టుకున్నా అంతే మోగుతుంటే పంపు లోపల ఏదో ఉంది. గాలి పీల్చే చోట ఉండే చిన్న ఫిల్టర్ దుమ్ముతో నిండి ఉండొచ్చు. లేదంటే ఎయిర్ స్టోన్ (గొట్టం చివర ఉండి గాలిని సన్నటి బుడగలుగా వదిలే రాయి) పూడుకుపోయి ఉండొచ్చు. స్టోన్ తీసేసి గొట్టాన్ని ఊరికే నీళ్లలో వదిలి చూడండి. పంపు హాయిగా నడిస్తే స్టోన్ మార్చాల్సిందే. రబ్బరు పొర చిరిగినా రొద పెరుగుతుంది, బుడగలు తగ్గుతాయి. ఇలా జబ్బు చేసిన పంపుని పెట్టెలో దాచకండి. అది మొరాయించే ముందు చేసే చప్పుడు మీకు వినపడాలి.

శబ్దం తగ్గుతుందని వాల్వు తిప్పి గాలిని బిగించేవాళ్లు ఉన్నారు. దానివల్ల పంపు మీద ఒత్తిడి పెరిగి ఇంకా వేడెక్కుతుంది. గాలి ఎక్కువైతే గొట్టానికి ఇంగ్లీషు T ఆకారంలో ఉండే మూడు దారుల జాయింటు పెట్టి, మిగులు గాలిని బయటికి వదలడమే మంచి పద్ధతి.

దేనితో కట్టాలి, దేనితో కట్టకూడదు

శబ్దాన్ని ఆపేది బరువు. 12 మిల్లీమీటర్లో అంతకన్నా మందమో ఉన్న ప్లైవుడ్ బాగుంటుంది. పల్చటి ప్లాస్టిక్ డబ్బా అయితే డప్పులా మోగుతుంది. లోపల అతికించే ఫోమ్ కీచుమనే శబ్దాన్ని పీల్చుకుంటుంది కానీ, లోతుగా వచ్చే గుర్రుకి పెద్దగా పనిచేయదు. దానికి పంపు పెట్టె గోడలకి తగలకుండా మెత్తటి ఆసరా మీద ఉండటమే ముఖ్యం. చుట్టూ మూడు నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. థర్మకోల్ వాడకండి. శబ్దాన్ని ఆపదు, వేడిని మాత్రం పట్టి ఉంచుతుంది, పైగా మండుతుంది. మామూలు ఫోమూ మండేదే, కాబట్టి తొందరగా అంటుకోని రకం అడిగి తీసుకోండి. గ్లాస్ ఊల్ తెరిచి ఉంచితే ఆ పీచు పంపులోకి పోతుంది.

జిగురు, సిలికోన్, వార్నిష్ విషయంలో తొందరపడొద్దు. పూర్తిగా ఆరి, ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసన రాని స్థితికి వచ్చేదాకా పెట్టెని తెరిచి ఆరబెట్టండి. లోపలివైపు పెయింటు వేయకపోవడమే మేలు. దోమల మందుల్లో తరచుగా ఉండే పైరెత్రాయిడ్లు చేపలకి చాలా విషం. గాలి రంధ్రం దగ్గర దోమల లిక్విడ్ గానీ, కాయిల్ గానీ, స్ప్రే గానీ వాడొద్దు. ఇంట్లో పురుగుల మందు కొట్టే రోజున పంపు ఎక్కణ్ణుంచి గాలి పీలుస్తోందో ముందే ఆలోచించుకోండి.

గాలి రంధ్రాలు రెండైనా ఉండాలి, కింద ఒకటి, ఎదురువైపు పైన ఒకటి. వేడిగాలి పైనుంచి పోతుంది, చల్లగాలి కిందనుంచి వస్తుంది. రంధ్రం నేరుగా ఉంటే శబ్దం కూడా అందులోంచే వచ్చేస్తుంది కాబట్టి, లోపల అడ్డుపలక పెట్టి గాలి మలుపు తిరిగి వచ్చేలా చేయండి. గొట్టం బయటికొచ్చే చోట నలగకూడదు. ప్లగ్ బోర్డు ఎప్పుడూ పెట్టె బయటే ఉండాలి.

నీళ్లు, కరెంటు

నాకు అన్నిటికన్నా భయం దీని గురించే. పంపు తొట్టెలో నీటిమట్టం కన్నా కిందుంటే, కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి పాకి పంపులోకి రావచ్చు. బల్ల మీదైతే కనిపిస్తుంది, పెట్టెలో కనిపించదు. అందుకని గొట్టానికి చెక్ వాల్వు, అంటే ఒకవైపుకే పోనిచ్చే వాల్వు, తప్పనిసరి. నోటితో ఊది చూడండి. తొట్టెవైపుకి గాలి పోవాలి, తిరగేసి ఊదితే పోకూడదు. వాల్వు పాతబడితే కారుతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకుండా, వీలైతే పెట్టెనే నీటిమట్టం కన్నా పైన పెట్టండి. వైరు ప్లగ్‌కి చేరేముందు కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు ప్లగ్ దాకా పోకుండా కిందే రాలిపోతుంది. ఆ ప్లగ్‌కి కరెంటిచ్చే లైనులో 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉండటం ప్రాణరక్షణ. పెట్టెలో చెయ్యి పెట్టే ప్రతిసారీ ముందు ప్లగ్ తీయండి.

మొదటిసారి మూత పెట్టేటప్పుడు

మీరు మెలకువగా, ఇంట్లో ఉండే పగటిపూటే మొదలుపెట్టండి. లోపల ఒక థర్మామీటర్ ఉంచి, గంటకోసారి చూడండి. గది వేడికన్నా లోపల పెరుగుతూనే ఉండి ఎక్కడా నిలవకపోతే రంధ్రాలు చాలడం లేదని అర్థం. పంపు మీద చెయ్యి ఉంచలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపేయండి. వేడికి రబ్బరు పొర బిరుసెక్కి తొందరగా పోతుంది. మూత తీసి ఒకసారి, పెట్టి ఒకసారి బుడగలు గమనించండి. మూత పెట్టగానే బుడగలు తగ్గితే లోపలికి గాలి సరిగ్గా రావట్లేదన్నమాట.

ఎండాకాలం వస్తే ఇవన్నీ మళ్లీ చూసుకోవాలి. మంచినీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే, 30 డిగ్రీల దగ్గర అది 7.6కి పడిపోతుంది. అంటే పంపు ఎక్కువ అవసరమయ్యే రోజుల్లోనే పెట్టె కూడా ఎక్కువ వేడెక్కుతుంది. ఆ రోజుల్లో రొద కాస్త ఉన్నా మూత ఓరగా తీసి ఉంచండి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఇంకేం ఆలోచించకుండా మూత పూర్తిగా తీసేసి, గాలి సరిగ్గా వస్తోందో లేదో చూడండి. అందుకే మూతని స్క్రూలతో బిగించకుండా, ఒంటిచేత్తో ఎత్తేయగలిగేలా చేసుకోండి. నెలకోసారి ఫిల్టర్ దుమ్ము దులపడానికీ అదే సులువు.