అమెరికాలో యూనివర్సిటీ మారేముందు మీ క్రెడిట్స్ పోకుండా చూసుకోవాల్సిన జాగ్రత్తలు

ఫాల్‌కో స్ప్రింగ్‌కో కమ్యూనిటీ కాలేజ్ (డిగ్రీలో మొదటి రెండేళ్ళ కోర్సులు చెప్పే స్థానిక కాలేజ్) నుంచి యూనివర్సిటీకి గానీ ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి గానీ మారదామనుకుంటున్న పిల్లలు, వాళ్ళకి ఫీజు కట్టే అమ్మానాన్నలు ఇది అడ్మిషన్ రాకముందే చదివితే చాలా మంచిది. అడ్మిషన్ వచ్చేసిందా, పర్లేదు, సీటుకి డిపాజిట్ కట్టకముందు అయినా చదవండి. కట్టేశాక చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.

క్రెడిట్స్ అంటే పూర్తిచేసిన ఒక్కో కోర్సుకీ డిగ్రీ లెక్కలో వచ్చే పాయింట్లు. అందరూ ఒకటే అడుగుతారు, "నా క్రెడిట్స్ తీసుకుంటారా?" అని. అడ్మిషన్స్ ఆఫీసువాళ్ళు కూడా సంతోషంగా "ఆ, తీసుకుంటాం" అంటారు, అబద్ధం కూడా కాదు. కానీ తీసుకోవడం వేరు, అవి మీ డిగ్రీలో లెక్కకి రావడం వేరు. మీ దగ్గర 60 క్రెడిట్స్ ఉన్నాయి, కొత్త యూనివర్సిటీ 57 తీసుకుంది అనుకోండి, వినడానికి ఎంత బావుందో కదా, కానీ అందులో 20 క్రెడిట్స్‌ని "జనరల్ ఎలెక్టివ్" (తప్పనిసరి కోర్సు దేనికీ సమానం కానిది) కింద పడేస్తే, మీ మేజర్, అంటే ప్రధాన సబ్జెక్ట్, ఇంజినీరింగ్ అయితే, ఆ డిగ్రీ ప్లాన్‌లో ఫ్రీ ఎలెక్టివ్స్‌కి అసలు చోటే ఉండదు, ఉన్నా ఏ ఒకటో రెండో కోర్సులకి. అంటే ఆ 20 మీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద కనిపిస్తూ ఉంటాయి, డిగ్రీకి మాత్రం పనికిరావు, అదే సబ్జెక్టులకి మళ్ళీ ఫీజు కట్టి మళ్ళీ కూర్చోవాలి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇదీ: "నా ఒక్కో కోర్సు మీ డిగ్రీలో ఏ రిక్వైర్‌మెంట్ కింద పడుతుంది, ఇంకా నేను చదవాల్సినవి ఎన్ని?" దానికి జవాబు నోటిమాటగా కాదు, మీ మేజర్ పేరు మీద తీసిన డిగ్రీ ఆడిట్ (ఏ కోర్సు దేని కింద లెక్కకి వచ్చిందో, ఇంకా ఏవి మిగిలాయో చూపే రిపోర్ట్) రూపంలో కావాలి. అది చేతికి వచ్చేదాకా క్రెడిట్స్ ట్రాన్స్‌ఫర్ అయిపోయాయి అనుకోవద్దు.

ఇదేదో ఎవరో ఒకరిద్దరికి జరిగేది కాదండీ. అమెరికా ప్రభుత్వానికి లెక్కలు చూసే జీఏఓ 2017లో ఒక రిపోర్ట్ ఇచ్చింది, 2004 నుంచి 2009 మధ్యలో కాలేజ్ మారిన స్టూడెంట్స్ సగటున 43 శాతం క్రెడిట్స్ పోగొట్టుకున్నారని అంచనా వేసింది. లాభాపేక్షతో నడిచే ప్రైవేట్ కాలేజీల నుంచి పబ్లిక్ యూనివర్సిటీలకి వెళ్ళినవాళ్ళకైతే పోయింది 94 శాతం. అంటే మీరు ఇప్పుడు ఉన్న కాలేజ్ ఎలాంటిది, దానికి ఏ అక్రెడిటేషన్ (కాలేజ్ నాణ్యతకి ఇచ్చే గుర్తింపు) ఉంది అన్నది అన్నిటికన్నా ముందు చూసుకోవాలి, చాలా యూనివర్సిటీలు పాత రీజనల్ అక్రెడిటేషన్ సంస్థల గుర్తింపు ఉన్న కాలేజ్ కోర్సులనే పట్టించుకుంటాయి, మిగతావి చూడను కూడా చూడవు.

అప్లై చేయకముందు చేయాల్సిన పని, మీరు వెళ్ళాలనుకుంటున్న యూనివర్సిటీ సైట్‌లో ట్రాన్స్‌ఫర్ ఈక్వివలెన్సీ టేబుల్ (ఏ కాలేజ్ కోర్సు తమ ఏ కోర్సుకి సమానమో చూపే పట్టిక) వెతకడం. పాత కాలేజ్ పేరు, కోర్సు నంబర్ కొడితే వాళ్ళ దగ్గర అది ఏ కోర్సుకి సమానమో చూపిస్తుంది. కోర్సు నంబర్ దగ్గర నిజమైన నంబర్ వస్తే మంచిదే, నంబర్ బదులు సున్నాలో ఎక్స్‌లో వచ్చాయంటే చాలాచోట్ల దానర్థం ఎలెక్టివ్ అని. చూసిన ప్రతి పేజీనీ తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఆ టేబుల్స్ మారుతూ ఉంటాయి, రేపు మీ మాట నెగ్గించుకోడానికి అదే ఆధారం.

కొన్ని రాష్ట్రాల్లో ఈ బాధ కొంచెం తక్కువ. కాలిఫోర్నియాలో అసిస్ట్ అనే ఉచిత సైట్ ఉంది, కమ్యూనిటీ కాలేజ్ కోర్సు ఏదైనా యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్‌లలో మేజర్ వారీగా దేనికి సరిపోతుందో అందులోనే ఉంటుంది, 2025 ఫాల్‌లో కొత్తగా మొదలెట్టినవాళ్ళకి జనరల్ ఎడ్యుకేషన్ (మేజర్ ఏదైనా అందరూ చదవాల్సిన కోర్సులు) ప్యాటర్న్ పేరు కాల్-గెట్‌సీ. యూసీకి వెళ్ళేవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, కమ్యూనిటీ కాలేజ్ నుంచి 70 సెమిస్టర్ యూనిట్స్ వరకే లెక్కేస్తారు, అది దాటాక ఆ సబ్జెక్ట్ చదివినట్టు ఒప్పుకుంటారు గానీ యూనిట్స్ పెరగవు, కాబట్టి ఖాళీగా ఉన్నాం కదా అని ఇంకో రెండు సెమిస్టర్లు అక్కడే కోర్సులు పెంచుకుంటూ పోవద్దు. టెక్సాస్‌లో అయితే 42 గంటల (అక్కడ క్రెడిట్స్‌నే గంటలంటారు) కోర్ కరిక్యులం, అంటే అందరికీ తప్పనిసరి అయిన కోర్సులు, మొత్తం ఒక పబ్లిక్ కాలేజ్‌లో పూర్తిచేస్తే ఇంకో పబ్లిక్ యూనివర్సిటీ దాన్ని మొత్తంగా ఒకే బ్లాక్ కింద ఒప్పుకుని తీరాలి. అదే ఒకటో రెండో కోర్సులు మిగుల్చుకుని వెళ్ళారనుకోండి ఆ రక్షణ ఉండదు, కోర్సు కోర్సుకీ మళ్ళీ బేరమే. అందుకే అక్కడ ఇంకో సమ్మర్ ఉండైనా కోర్ పూర్తి చేసి కదలమంటాను. ఫ్లోరిడాలో రాష్ట్రమంతా ఒకే కోర్సు నంబరింగ్ ఉంది, అక్కడ పబ్లిక్ కాలేజ్‌ల మధ్య మారడం కాస్త సులువు. రాష్ట్రం దాటారంటే మాత్రం ఈ ఒప్పందాలు ఏవీ మీ వెంట రావు.

ఇప్పుడు సిలబస్ సంగతి, దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. మీ కోర్సు వాళ్ళ కోర్సుకి సమానమా కాదా అని తేల్చేది చాలాసార్లు అడ్మిషన్స్ ఆఫీసు కాదు, ఆ డిపార్ట్‌మెంట్‌లో ఒక ప్రొఫెసర్. ఆయనకి మీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్న కోర్సు పేరు చూస్తే ఏం తెలుస్తుంది చెప్పండి, డేటా స్ట్రక్చర్స్ అని ఉంటే అందులో గ్రాఫ్స్ చెప్పారా లేదా, ఏ లాంగ్వేజ్‌లో చెప్పారు, ల్యాబ్ ఉందా, అవన్నీ సిలబస్‌లోనే ఉంటాయి. కేటలాగ్‌లో ఉండే నాలుగు లైన్ల డిస్క్రిప్షన్ సరిపోదు. మీరు చదివిన ప్రతి కోర్సుకీ, మీరు చదివిన ఆ టర్మ్‌దే, వారం వారం టాపిక్స్, టెక్స్ట్‌బుక్ పేరు ఎడిషన్‌తో సహా, గ్రేడింగ్ విధానం, లెక్చర్ గంటలు, ల్యాబ్ గంటలు ఉన్న సిలబస్ పీడీఎఫ్ దాచుకోండి. ల్యాబ్ రిపోర్ట్స్, పెద్ద ప్రాజెక్టులు, ఎగ్జామ్ పేపర్లు ఇస్తే అవి కూడా. ఇదంతా పాత కాలేజ్ లాగిన్ పనిచేస్తున్నప్పుడే చేయాలి, కాలేజ్ వదిలేశాక ఈమెయిల్ ఆపేస్తారు, క్యాన్వాస్‌లో (క్లాసు మెటీరియల్ పెట్టే సైట్) పాత కోర్సులు మూసేస్తారు, అప్పుడు చెప్పిన ప్రొఫెసర్‌ని వెతుక్కుంటూ ఈమెయిల్స్ పెట్టాలి, ఆయన ఆ కాలేజ్‌లో ఉన్నాడో లేడో కూడా తెలియదు. ఈ వారమే కూర్చుని డౌన్‌లోడ్ చేసేయండి, మారే ఉద్దేశం ఇంకా గట్టిగా లేకపోయినా సరే.

సీక్వెన్స్ మధ్యలో మారడం ఇంకో పెద్ద గొయ్యి. కాల్క్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ ఇవన్నీ రెండు మూడు కోర్సుల వరుసలు, ఏ టాపిక్ ఎందులో పెట్టారన్నది ఒక్కో కాలేజ్‌లో ఒక్కోలా ఉంటుంది. మీరు మొదటిది చదివి వెళితే అక్కడి రెండో కోర్సు మొదలయ్యేసరికి మీకు చెప్పని టాపిక్ వాళ్ళకి అయిపోయి ఉండొచ్చు, లేదా అసలు సమానం కాదని మొదటి నుంచి చదవమనొచ్చు. క్వార్టర్ సిస్టమ్ (చదువు సంవత్సరాన్ని రెండు సెమిస్టర్ల బదులు మూడు చిన్న టర్మ్‌లుగా నడిపే పద్ధతి) నుంచి సెమిస్టర్ సిస్టమ్‌కి వెళ్ళేవాళ్ళకి ఇది మరీ ఎక్కువ, క్వార్టర్‌లో మూడు కోర్సులుగా చెప్పేది సెమిస్టర్‌లో రెండిట్లో చెప్తారు. వరుస పూర్తి చేసి మారండి, లేదా మొదలెట్టకుండా మారండి. అలాగే ఫిజిక్స్ లెక్చర్ ఒప్పుకుని విడిగా ఉన్న ఒక క్రెడిట్ ల్యాబ్ ఒప్పుకోని సందర్భాలూ ఉంటాయి, రెండూ విడివిడిగా చెక్ చేయండి.

క్వార్టర్ లెక్క ఎలాగూ వచ్చింది కాబట్టి, ఒక క్వార్టర్ క్రెడిట్ అంటే సెమిస్టర్ క్రెడిట్‌లో మూడింట రెండొంతులు. 4 క్వార్టర్ క్రెడిట్స్ కోర్సు 2.67 సెమిస్టర్ క్రెడిట్స్ అవుద్ది, అక్కడ కావాల్సింది 3 అయితే 0.33 తక్కువ. కొన్ని యూనివర్సిటీలు కోర్సు సరిపోయింది అని వదిలేస్తాయి, ఇంకొన్ని ఆ చిల్లర అంతా కూడి చివర్లో ఇంకో కోర్సు చదివిస్తాయి. ఏది చేస్తారో ముందే అడగండి.

గ్రేడ్స్ విషయంలో, చాలాచోట్ల సి గానీ అంతకన్నా పైన గానీ ఉంటేనే ట్రాన్స్‌ఫర్, సి మైనస్ దగ్గరే చాలామంది తట్టుకుని పడతారు. పాస్-ఫెయిల్ పద్ధతిలో తీసుకున్న కోర్సుని మేజర్‌కి ఒప్పుకోకపోవచ్చు, కాబట్టి మారే ఆలోచన ఉంటే మేజర్ కోర్సులు లెటర్ గ్రేడ్‌కే తీసుకోండి. సాధారణంగా క్రెడిట్స్ వస్తాయి గానీ పాత జీపీఏ రాదు, కొత్తచోట జీపీఏ మొదట్నుంచి మొదలవుద్ది, మొదటి సెమిస్టర్‌లో తేడా కొడితే కాపాడటానికి పాత మంచి గ్రేడ్స్ ఏవీ ఉండవు. అందుకని వెళ్ళగానే మొదటి టర్మ్‌లోనే అన్ని కష్టమైన సబ్జెక్టులూ నెత్తిన పెట్టుకోవద్దు.

ఎన్ని క్రెడిట్స్ తెచ్చుకున్నా బ్యాచిలర్స్‌కి కావాల్సిన 120లో కొన్ని అక్కడే చదవాలి, దీన్ని రెసిడెన్సీ రిక్వైర్‌మెంట్ అంటారు. సాధారణంగా చివరి 30 క్రెడిట్స్ దాకా అక్కడే అంటారు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. పైగా అప్పర్ డివిజన్ (మూడో, నాలుగో ఏడాది స్థాయి) క్రెడిట్స్ ఇన్ని ఉండాలి అని వేరే రూల్ ఉంటుంది, కమ్యూనిటీ కాలేజ్‌లో చదివినవి లోయర్ డివిజన్ కిందే వస్తాయి కాబట్టి ఆ లెక్క దాదాపు మొత్తం కొత్తచోటే పూర్తి చేయాలి.

హైస్కూల్లో రాసిన ఏపీ ఎగ్జామ్స్‌కి (కాలేజ్ స్థాయి పరీక్షలు, స్కోరు 1 నుంచి 5) పాత కాలేజ్ క్రెడిట్ ఇచ్చింది కదా, అది ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉంది కదా అని ఊరుకోవద్దు. చాలా యూనివర్సిటీలు దాన్ని అలా తీసుకోవు, కాలేజ్ బోర్డ్ నుంచి స్కోర్లు నేరుగా పంపించమంటాయి, అక్కడ వాళ్ళ కట్-ఆఫ్ ప్రకారం మళ్ళీ చూస్తారు. పాతచోట 3కి ఇచ్చిన క్రెడిట్ కొత్తచోట 5 ఉంటేనే ఇవ్వొచ్చు. డ్యూయల్ క్రెడిట్ (హైస్కూల్లో ఉండగానే చదివిన కాలేజ్) కోర్సులైతే ఆ కోర్సు ఇచ్చిన కాలేజ్ నుంచి విడిగా ట్రాన్స్‌క్రిప్ట్ తెప్పించాలి, హైస్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో కనిపిస్తే చాలదు.

అప్లికేషన్‌లో ఒక్క కోర్సు చదివి వదిలేసిన కాలేజ్ అయినా సరే పేరు రాయండి. అక్కడ గ్రేడ్ బాలేదని దాచిపెడితే తర్వాత నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ (ఎవరు ఏ కాలేజ్‌లో చేరారో లెక్క ఉంచే సంస్థ) రికార్డుల్లో బయటపడుద్ది, అప్పుడు క్రెడిట్స్ కాదు అడ్మిషనే పోవచ్చు. పాత కాలేజ్‌లో బాకీలు ఏమన్నా ఉన్నాయా చూసుకోండి, లైబ్రరీ ఫైన్ అయినా పార్కింగ్ టికెట్ అయినా హోల్డ్ పెడితే ట్రాన్స్‌క్రిప్ట్ కదలకపోవచ్చు. ట్రాన్స్‌క్రిప్ట్ రెండుసార్లు పంపాలని కూడా గుర్తుంచుకోండి, అప్లై చేసినప్పుడు ఒకసారి, చివరి సెమిస్టర్ గ్రేడ్స్ పడ్డాక ఇంకోసారి. ఈ రెండోది మర్చిపోతే ఆఖరి టర్మ్ కోర్సులు లెక్కలోకి రావు, వాటిని ప్రీరిక్విజిట్‌గా (ముందే పూర్తి చేసి ఉండాల్సిన కోర్సుగా) అడిగే క్లాసులకి రిజిస్ట్రేషన్ తెరుచుకోదు.

ఎఫ్ వన్ స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సెవిస్ (ప్రభుత్వం విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే సిస్టమ్) రికార్డ్ ట్రాన్స్‌ఫర్ వేరు, క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ వేరు, ఒకటి అయితే రెండోది అయినట్టు కాదు. రిలీజ్ డేట్ (ఆ రికార్డ్ కొత్త యూనివర్సిటీకి వెళ్ళే రోజు) దాటాక పాత యూనివర్సిటీ డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) చేతిలో ఏమీ ఉండదు, ఆ రోజుతో పాత క్యాంపస్‌లో జాబ్ కూడా ఆగిపోద్ది. కొత్తచోట క్లాసులు 5 నెలలు దాటకుండా మొదలవ్వాలి, ఈలోపే కొత్త టర్మ్ ఉంటే ఆ టర్మ్‌కే చేరాలి. కాబట్టి క్రెడిట్ ఇవాల్యుయేషన్ చూసి, వెళ్ళాలని గట్టిగా నిర్ణయించుకున్నాకే రిలీజ్ డేట్ పెట్టించుకోండి. ఇంకోటి ఎవరూ చెప్పరు. అండర్‌గ్రాడ్‌లో సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్స్ తీసుకోవాలి, అందులో ఆన్‌లైన్ ఒక క్లాసే లెక్కకి వస్తుంది, ఇప్పుడు ఒక ప్రీరిక్విజిట్ ఒప్పుకోక మేజర్ క్లాసులు లాక్ అయిపోతే మీకు స్టేటస్ కోసం ఆ 12 నింపడానికి అక్కర్లేని కోర్సులు డబ్బు పెట్టి తీసుకోవాల్సి వస్తుంది. ఒక్క కోర్సు ఒప్పుకోకపోతే ఏముందిలే అనుకోకండి అనేది ఇందుకే.

మాస్టర్స్ మధ్యలో మారేవాళ్ళకి ఆశలు తక్కువ పెట్టుకోమనే చెప్తాను. చాలా ప్రోగ్రామ్స్ 6 నుంచి 9 క్రెడిట్స్‌కి మించి తీసుకోవు, అవి కూడా బి గానీ ఆ పైన గానీ ఉండాలి, ఇంకో డిగ్రీకి వాడి ఉండకూడదు. ఇండియాలో సగం చదివి వచ్చేవాళ్ళు వెస్ లాంటి, విదేశీ చదువుని అమెరికా లెక్కలోకి మార్చి చూపే సంస్థ దగ్గర ఇవాల్యుయేషన్ చేయించేటప్పుడు కోర్సు-బై-కోర్సు రిపోర్టే తీసుకోండి, డాక్యుమెంట్ మాత్రమే చూసే చౌక రిపోర్ట్ క్రెడిట్స్ విషయంలో పనికిరాదు.

ఇవాల్యుయేషన్ వచ్చాక దాన్ని బ్యాంక్ స్టేట్‌మెంట్ చూసినట్టు లైన్ లైన్ చదవండి. ఎలెక్టివ్ కింద పడిన ప్రతి కోర్సునీ గుర్తుపెట్టి, మేజర్‌కి పనికొచ్చేవి ఏవో చూసి, వాటికి పిటిషన్ (మళ్ళీ పరిశీలించమని దరఖాస్తు) పెట్టండి. వచ్చిన మొదటి జవాబే ఫైనల్ అనుకుని ఊరుకునేవాళ్ళే ఎక్కువమంది, నిజానికి సరైన సిలబస్ జతచేసి మర్యాదగా అడిగితే మారేవి చాలానే ఉంటాయి. అన్నిటికీ కాదు, ప్రీరిక్విజిట్ గొలుసులో ముందుండే కోర్సులకి ముందు పెట్టండి, వాటి మీదే గ్రాడ్యుయేషన్ ఎప్పుడన్నది ఆధారపడి ఉంటుంది. పిటిషన్‌లో మీ కష్టాలు రాయకండి, వాళ్ళ కోర్సు టాపిక్స్ ఒకవైపు మీ కోర్సు టాపిక్స్ ఒకవైపు టేబుల్ వేసి పంపండి. పిటిషన్‌కి డెడ్‌లైన్ ఉంటే కేలెండర్‌లో పెట్టుకోండి, కొన్నిచోట్ల మొదటి టర్మ్‌లోనే అయిపోద్ది. అడ్వైజర్ ఫోన్లో ఏది ఒప్పుకున్నా ఆ సాయంత్రమే "మీరు ఇలా చెప్పారు, సరేనా" అని ఈమెయిల్ పెట్టి జవాబు తెప్పించుకోండి, వచ్చే సెమిస్టర్‌కి ఆ అడ్వైజర్ మారిపోవచ్చు.

పిటిషన్ తేలేలోపు రిజిస్ట్రేషన్ వచ్చేస్తే అదే కోర్సు మళ్ళీ తీసేసుకోకండి, ముందు డిపార్ట్‌మెంట్‌ని ప్రీరిక్విజిట్ ఓవర్‌రైడ్ (ఆ షరతు పక్కనపెట్టి తర్వాతి క్లాసులో చేరనిచ్చే అనుమతి) ఇవ్వమని అడగండి, పిటిషన్ పెట్టినట్టు చూపిస్తే చాలాసార్లు ఇస్తారు. ఇవ్వకపోతే ఆ టర్మ్‌ని ఆ ప్రీరిక్విజిట్‌తో ఏ సంబంధం లేని జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులతో, అదీ మీ డిగ్రీ ఆడిట్‌లో ఇంకా ఖాళీగా కనిపిస్తున్న వాటితోనే నింపండి.