ప్రయాణంలో చూసిన దృశ్యాన్ని సూదీ దారంతో కుట్టడం

ప్రయాణంలో తీసిన ఫొటోను ఉన్నదున్నట్టు గుడ్డ మీదికి దించాలని చూస్తే పని సగంలోనే విసుగు పుడుతుంది. ఆ చోటును తలచుకోగానే ముందుగా గుర్తుకొచ్చేది కొండల అంచా, నీటి మీది వెలుగా, పొలాల గట్లా అన్నది తేల్చుకొని, దానికి తోడుపడని స్తంభాలను, వాహనాలను మొహమాటం లేకుండా వదిలేయాలి. ఫోనులో ఆ ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చి చూస్తే ఏ భాగం ముదురో, ఏది లేతో తేటగా తెలుస్తుంది. వాటిని నాలుగైదు పెద్ద ఆకారాలుగా కాగితంపై గీసుకుంటే నమూనా సిద్ధమైనట్టే.

కాస్త మందంగా ఉండే నూలు గుడ్డను ఉతికి, ఇస్త్రీ చేసి వాడాలి. లేకపోతే కుట్టిన తరువాత కుంచించుకుపోయి ముడతలు తేలుతుంది. ముదురు ఎరుపు, నీలం దారాలను తడిపి తెల్ల గుడ్డపై అద్ది, రంగు దిగుతుందేమో చూసుకోవాలి. నమూనాను నీటితో చెరిగిపోయే పెన్నుతో గీసినట్లయితే, ఆ గీతలు పూర్తిగా కడిగేదాకా ఇస్త్రీ పెట్టకూడదు. వేడికి అవి గుడ్డలో నిలిచిపోవచ్చు.

దృశ్యానికి లోతు తెచ్చేవి దారం మందం, రంగులే. మధ్యనున్న గాలి వెలుతురును చెదరగొట్టడం వల్ల దూరపు కొండలు లేతగా, నీలంగా కనిపిస్తాయి. కనుక వాటిని బూడిద కలిసిన నీలి రంగులో, ఒకే పోగుతో, ఎడంగా చిన్న కుట్లు వేసి సూచించాలి. ఎంబ్రాయిడరీ దారంలో సాధారణంగా 6 పోగులుంటాయి. వాటిని ఒక్కొక్కటిగా పైకి లాగి విడదీసి, కావలసినన్ని మళ్లీ కలుపుకుంటే చిక్కు పడదు. నడిమి చెట్ల వరుసకు రెండు మూడు పోగులతో కాడకుట్టు (తాడు పేటలా సాగే స్టెమ్ స్టిచ్), ముందున్న పొదలకు ఆరు పోగులతో ముడికుట్టు (చిన్న ముడిలా నిలిచే ఫ్రెంచ్ నాట్) బాగుంటాయి. ముడికుట్టులో దారాన్ని సూదికి రెండు చుట్లు తిప్పి, సూదిని పైకి వచ్చిన రంధ్రంలోనే కాకుండా దానికి ఒక నూలుపోగంత పక్కన దించాలి. అదే రంధ్రంలో దించితే ముడి కాస్తా వెనక్కి జారిపోతుంది.

కుట్టు సాగే దిక్కు కూడా దృశ్యంలో భాగమే. కొండకు వాలు వెంబడి, నీటికి అడ్డంగా కుట్టాలి; నీటి గీతలు చూసేవారి వైపుకు వచ్చేకొద్దీ వాటి మధ్య ఎడం పెంచాలి. పొగమంచు కావాలంటే ఆర్గంజా అనే పలుచని, అవతలిది కనిపించే గుడ్డ ముక్కను కొండపై పరచి, అంచులను అక్కడక్కడా మాత్రమే పట్టించాలి. ఆకాశాన్ని ఖాళీగా వదిలేయడమే మేలని నా అభిప్రాయం. అంత జాగాను కుట్లతో నింపితే గుడ్డ లాక్కుపోవడమే కాక, చూపు కొండల మీద నిలవదు. ఏ భాగమైనా వెనకది మొదట, ముందుది చివర అన్న వరుసలో కుట్టాలి, అప్పుడే చెట్ల కొమ్మలు కొండ మీదికి సహజంగా వచ్చి కూర్చుంటాయి.

పని ముగిశాక మెత్తని తువ్వాలుపై బోర్లా పరచి వెనకవైపు నుంచి ఇస్త్రీ చేస్తే ముడులు అణగవు. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం కుట్లకు తగలకుండా కొంత ఖాళీ ఉంచమని చెప్పి, నేరుగా ఎండ పడని గోడకు తగిలించాలి.