ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్: సీఐలో మొరాయించే బ్రౌజర్ టెస్టులను దారికి తెచ్చేదెలా?

బరంపురంలో ఇంటి నుంచే పనిచేస్తాను. పట్టుచీరలు అమ్మే ఒక సైటుకు బ్రౌజర్ టెస్టులు, అంటే బ్రౌజరును తనే తెరిచి సైటును పరీక్షించే కోడు, రాస్తుంటాను. కోడు మారినప్పుడల్లా సీఐ (కంటిన్యువస్ ఇంటిగ్రేషన్) మెషీన్ వాటిని తనే నడుపుతుంది. డెలివరీ తేదీ చూసే టెస్టు ఒకటి పగలంతా పాసయ్యేది, అర్ధరాత్రి దాటాక ఫెయిలయ్యేది. "మళ్లీ రన్ కొట్టు, అదే సర్దుకుంటుంది" అనుకుంటూ రెండు వారాలు గడిపేశాం. మీరూ అదే చేస్తుంటే ముందు ఆ అలవాటు మానండి.

1. ఫెయిలైన రన్ ఆధారం దాచుకోండి. బ్రౌజర్ టెస్టులు నడిపే ప్లేరైట్ టూల్‌లో చాలామంది ట్రేస్‌ను (రన్‌లో జరిగినదంతా దాచే రికార్డును) 'ఆన్-ఫస్ట్-రీట్రై' అని పెడతారు. చిక్కేమిటంటే, అది రెండో ప్రయత్నాన్ని రికార్డు చేస్తుంది. ఆ ప్రయత్నం పాసైతే చేతికొచ్చేది పాసైన రన్ ట్రేసే! దొంగ పారిపోయాక కెమెరా ఆన్ చేసినట్టు. 'రిటెయిన్-ఆన్-ఫెయిల్యూర్' పెట్టండి. కాస్త నెమ్మదిస్తుంది, అయినా ఫెయిలైన క్షణంలో పేజీ ఎలా ఉందో, ఏ రిక్వెస్టు ఆగిపోయిందో కనిపిస్తుంది.

2. కావాలని ఫెయిల్ చేయించండి. 'రిపీట్-ఈచ్' ఆప్షన్‌తో ఆ ఒక్క టెస్టును 50 సార్లు నడపండి. ముందు ఒకే వర్కర్‌తో (టెస్టులు నడిపే ప్రాసెస్‌తో), తర్వాత నాలుగింటితో. ఒక్క వర్కర్‌తో కూడా ఫెయిలైతే ముందు వెయిటింగ్‌ను అనుమానించండి. నాలుగైనప్పుడే ఫెయిలైతే, టెస్టులన్నీ ఒకే లాగిన్‌నో ఒకే కార్ట్‌నో పంచుకుంటున్నాయేమో చూడండి. ఒకడు కార్ట్‌లో వేసిన చీరను ఇంకొకడు తీసేస్తుంటాడు. టెస్టుకో కొత్త యూజర్‌ను సృష్టిస్తే ఆ గొడవ ఉండదు.

3. 'మూడు సెకన్లు ఆగు' లాంటి లైన్లు తీసేయండి. సీఐ మెషీన్ మీ ల్యాప్‌టాప్ కంటే నెమ్మది, మూడు సెకన్లు చాలకపోవచ్చు. పది పెడితే టెస్టులన్నీ నత్తనడక. 'టు-బి-విజిబుల్' లాంటి చెక్‌లు రాస్తే, ప్లేరైట్ మామూలుగా 5 సెకన్ల వరకు తనే మళ్లీ మళ్లీ చూస్తుంది. సెలీనియం (ఇలాంటిదే ఇంకో టూల్) వాడేవాళ్లు ఇంప్లిసిట్ వెయిట్‌ను (ఏది వెతికినా ఆగే సెట్టింగును), ఎక్స్‌ప్లిసిట్ వెయిట్‌ను (ఒక షరతు కోసం ఆగడాన్ని) కలపకూడదు. కలిపితే ఎంతసేపు ఆగుతుందో ఊహించలేం.

4. గడియారం చూడండి. మా దొంగ దొరికింది ఇక్కడే. సీఐ మెషీన్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తుంది, మా సర్వరు మన టైములో. రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5:30 వరకు ఇక్కడ కొత్త తేదీ, అక్కడ ఇంకా నిన్నే. 'రేపటి తేదీ' ఇద్దరికీ ఒకటెలా అవుతుంది? ప్లేరైట్ కాన్ఫిగ్‌లో టైమ్‌జోన్‌ను 'ఏషియా/కోల్‌కతా' చేసి సంబరపడ్డాను. ఆ రాత్రీ ఫెయిలే. ఆ సెట్టింగు బ్రౌజరుకు మాత్రమే. తేదీ లెక్కగట్టేది నోడ్‌లో (బ్రౌజరు బయట జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రాములో) నడిచే టెస్టు కోడు కాబట్టి, సీఐలో టైమ్‌జోన్ చెప్పే 'టీజెడ్' ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ కూడా పెట్టాల్సి వచ్చింది.

5. కంటెయినర్ సంగతి. సీఐలో టెస్టులు తరచూ డాకర్ కంటెయినర్‌లో, అంటే కావలసిన సాఫ్ట్‌వేరంతా సర్దిన పెట్టెలాంటి దాంట్లో, నడుస్తాయి. అందులో షేర్డ్ మెమరీ (ప్రాసెస్‌లు పంచుకునే మెమరీ) మామూలుగా 64 ఎంబీయే. క్రోమ్‌కు చాలక మధ్యలో పేజీ క్రాష్ అవుతుంటుంది. అసలు మెషీన్ షేర్డ్ మెమరీనే వాడుకునేలా 'ఐపీసీ=హోస్ట్' ఇచ్చి నడపండి. మా ఒడిశా సరిహద్దు వాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది: సైటు ఒడియాలోనూ తెలుగులోనూ ఉంటుంది, డాకర్ ఇమేజ్‌లో (కంటెయినర్ తయారయ్యే మూసలో) ఆ ఫాంట్లు చాలాసార్లు ఉండవు. అక్షరాల బదులు డబ్బాలొస్తాయి, స్క్రీన్‌షాట్ పోలికలు తప్పుతాయి. నోటో ఫాంట్లు ఇమేజ్‌లోనే ఇన్‌స్టాల్ చేయండి.

మార్పు చేశాక మళ్లీ 50 సార్లు నడపండి. టైమ్‌జోన్ లాంటి సమస్యైతే పగలు ఎన్నిసార్లు పాసైనా లెక్కలోకి రాదు, అర్ధరాత్రి తర్వాత ఒక రన్ షెడ్యూల్ చేసి పడుకోండి.