పిల్లల కథను పిల్లల ముందు సరిచూసుకోవడం ఎలా?

పిల్లల కోసం రాసిన కథను అచ్చుకు పంపే ముందు, అది ఏ వయసు వారికోసం రాశామో ఆ వయసు పిల్లలకే చదివి వినిపించాలి. ఇందుకు మన ఇంటి పిల్లలు పనికిరారు. మనమీద ప్రేమతో వాళ్లు కథ సగంలో ఉండగానే బాగుందనేస్తారు. ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుల అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి తీసుకొని, మధ్యాహ్న భోజనానికి ముందే నలుగురైదుగురిని కూర్చోబెట్టుకోవడం మేలు. తరగతి మొత్తానికి చదివితే, ముందు వరుసలోని చురుకైన ఒకరిద్దరి మాటే అందరి మాటగా చలామణీ అవుతుంది. కథ మీరే రాశారని మాత్రం చెప్పకండి, మొహమాటపడతారు.

గొంతు మార్చి నటిస్తూ చదివితే కథలోని లోపాలను మన గొంతే కప్పేస్తుంది కాబట్టి మామూలుగా చదవాలి. తోడుగా వచ్చినవారు మరో ప్రతి పట్టుకొని, పిల్లలు ఎక్కడ నవ్వారో, ఎక్కడ కదిలారో, ఎక్కడ కిటికీ వైపు చూశారో ఆయా వాక్యాల పక్కనే గుర్తు పెట్టాలి.

చదవడం అయ్యాక "నచ్చిందా?" అని అడగకూడదు, "నచ్చింది సార్" అన్నది తప్ప వేరే జవాబు రాదు. "ఈరోజు బడికి రాని మీ స్నేహితుడికి ఈ కథ ఎలా చెబుతావు?" అని అడిగి, అడ్డురాకుండా వినాలి. నా అనుభవంలో ఇంతకు మించిన పరీక్ష లేదు. వాళ్లు వదిలేసిన సన్నివేశం మనకు ఎంత ఇష్టమైనదైనా కథకు అక్కర లేనిదే కావచ్చు.

2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన నేలపట్టు చెరువు దగ్గరి గూడబాతుల (పెలికాన్ పక్షుల) మీద నేనొక కథ రాశాను. తల్లి చేపను ముక్కుతో పట్టి పిల్ల నోటికి అందించినట్టు రాస్తే, చెరువు దగ్గరి ఊరి మూడో తరగతి పాప, "కాదు సార్, పిల్లే తల్లి గొంతులోకి తల దూరస్తాది" అని చేత్తో చేసి చూపింది. ఆ పాప చెప్పిందే నిజం. అదే కథను ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లో చదివినప్పుడు, ఆ పక్షిని ఎన్నడూ చూడని పిల్లవాడొకడు "మేకంత ఉంటదా సార్?" అని అడిగాడు. అందరికీ తెలిసిందే కదా అని పక్షి పరిమాణం గురించి నేను ఒక్క మాటా రాయలేదు. అందుకే విషయం తెలిసిన పిల్లలకూ, తెలియని పిల్లలకూ విడివిడిగా చదవాలి; తెలిసినవారు తప్పు పట్టుకుంటారు, తెలియనివారు వెలితి పట్టుకుంటారు.

పిల్లలు చూపే ఇబ్బందిని నమ్మండి కానీ, వాళ్లు చెప్పే మందును అలాగే వాడనక్కరలేదు. "పులిని పెట్టండి సార్" అంటే పులి కావాలని కాదు, అక్కడ కథ కదలడం లేదని అర్థం.

దిద్దిన ప్రతిని మళ్లీ ఆ పిల్లలకే చదవకూడదు; కథ ముందే తెలిసినందువల్ల ఖాళీలను వాళ్లే పూరించుకుంటారు. కొత్తవారిని వెతుక్కోవాలి. మొదట విన్న పిల్లలకు మాత్రం, పుస్తకం అచ్చయ్యాక స్వయంగా వెళ్లి తలా ఒక ప్రతి ఇచ్చి, వాళ్ల మాటవల్ల మారిన పేజీ ఏదో తెరిచి చూపించాలి.