నల్గొండకు కొత్తగా వచ్చినవారు స్తూపాలను, సెప్టెంబర్ 17ను అర్థం చేసుకునే విధానం

ఉద్యోగరీత్యా నల్గొండ ప్రాంతానికి వచ్చినవారికి ఊరి కూడళ్లలో ఎర్రరంగు అమరవీరుల స్తూపాలు కనిపిస్తాయి. ముందుగా వాటి మీది పేర్లను, తేదీలను, ప్రతిష్ఠించినవారి పేరును చదవండి. కమ్యూనిస్టుల నాయకత్వంలో సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి చెందిన స్తూపమై, తేదీ 1948 సెప్టెంబర్‌కు ముందుదైతే నిజాం పాలనకు, ఆయన పక్షాన నిలిచిన సాయుధ దళమైన రజాకార్లకు, భూస్వాములైన దేశ్‌ముఖులకు ఎదురుతిరిగిన కాలానిదని, తరువాతిదైతే 1951 అక్టోబర్‌లో పోరాటాన్ని విరమించేవరకు భారత సైన్యంతో, పోలీసులతో ఘర్షణ సాగిన కాలానిదని గ్రహించవచ్చు. ఈ తేడా తెలియకపోతే మిగతా వివాదమంతా అయోమయంగానే ఉంటుంది.

భారత సైనిక చర్యతో 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. ఆ రోజును కొందరు విమోచనమని, కొందరు విలీనమని, మరికొందరు విద్రోహమని అంటారు. 2022లో కేంద్రం విమోచన దినంగా జరిపితే, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమని, 2024లో ప్రజాపాలన దినోత్సవమని పేరు పెట్టింది. ఎదుటివారు వాడే మాటను బట్టి వారి కుటుంబం ఆనాడు ఏమి అనుభవించిందో ఊహించకండి, మర్యాదగా అడిగి తెలుసుకోండి. సైనిక చర్య అనంతరం ముస్లింలు వేల సంఖ్యలో హతులయ్యారని భారత ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది కనుక, ముస్లిం పెద్దల జ్ఞాపకాలను వినకుండా ఈ చరిత్రపై ఒక అభిప్రాయానికి రావడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కూడళ్లలో కనిపించే తెలంగాణ తల్లి విగ్రహం పాత రూపమా, కొత్త రూపమా అన్నది తెలియడానికి ఆవిష్కరణ తేదీ చూస్తే చాలు. పాత రూపానికి కిరీటం, చేతిలో బతుకమ్మ ఉంటాయి; 2024 డిసెంబర్‌లో సచివాలయంలో ఆవిష్కరించిన కొత్త రూపానికి అవి లేవు, ఆకుపచ్చ చీర ఉంటుంది.