వాక్యంతో ప్రార్థన – 4వ పాఠం: నోరు ఆగిన చోట

పోయిన పాఠంలో 23వ కీర్తనను మన మాటల్లో ప్రార్థించాం. ఓదార్చే వాక్యం కాబట్టి అది తేలిగ్గానే వచ్చింది. ఈసారి మనల్ని నిలదీసే 15వ కీర్తన తీసుకుందాం. ఐదే వచనాలు.

ముందు మీ చెవికి వినపడేలా చదవండి. మొదటి వచనం దావీదు దేవుణ్ణి అడిగే ప్రశ్న: నీ గుడారంలో అతిథిగా ఉండదగినవాడు ఎవడు? మిగతా నాలుగూ దానికి జవాబు. ఆ జవాబులో బలులు, ఉపవాసాలు, కానుకలు లేవు. నిజం పలకడం, చాడీలు చెప్పకపోవడం, ఇచ్చిన మాట, వడ్డీ, లంచం ఉన్నాయి. రోజూ ఇంట్లో, బజారులో ఎదురయ్యేవే.

రెండోసారి చదివేటప్పుడు "అతడు" అనే అర్థం వచ్చిన చోటల్లా "నేను" పెట్టండి. "నేను చాడీలు చెప్పను." "నేను లంచం పుచ్చుకోను." ఎక్కడో ఒకచోట నోరు ఆగుతుంది. చాలామంది అక్కడ గొంతు తగ్గించి గబగబా దాటేస్తారు. దయచేసి దాటకండి. ఆ మాట కింద పెన్సిల్‌తో గీత గీయండి.

నా నోరు వడ్డీ దగ్గర ఆగింది. మా అనంతపురం వైపు వాన మీద ఆశ పెట్టుకొని శనక్కాయ వేసే ఇళ్లలో అప్పు లేని ఇల్లు అరుదు. మా బంధువు ఒకాయన విత్తనాలకు చేబదులు అడిగితే నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చాను. అందరూ మూడు తీసుకుంటున్నారు, నేను రెండే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. నెలకు రెండంటే ఏడాదికి 24. ఆయన పంట ఎండిపోయింది. నేను మాత్రం వడ్డీ లెక్క ఆపలేదు.

నిర్గమకాండము 22:25 చూడండి. బీదవాడికి అప్పిస్తే వడ్డీ కట్టొద్దని ఉంది. లేవీయకాండము 25వ అధ్యాయంలోనూ అదే మాట. బ్యాంకులో డబ్బు వేసుకోవడం పాపమా అని కొందరు ఇక్కడ వాదనకు దిగుతారు. ఆ వాక్యాలు మాట్లాడేది చితికిపోయిన సహోదరుడి గురించి. నా బంధువు సరిగ్గా ఆ మనిషే.

ఇక ప్రార్థన. గీత గీసిన మాట దగ్గరే మొదలుపెట్టండి, మనిషిని పేరు పెట్టి చెప్పండి. "మా పాపాలన్నీ క్షమించు" అని ఒక్క మాటలో చుట్టేస్తే లోపలిది లోపలే ఉండిపోతుంది. నేను ఇలా ప్రార్థించాను: "ప్రభువా, ఆయన దగ్గర తీసుకున్న వడ్డీ తిరిగిచ్చే మనసు నాకివ్వు. ఆయన గడప తొక్కే ధైర్యం ఇవ్వు."

దీంతో దేవుని గుడారంలో చోటు కొనుక్కోవచ్చని అనుకోవద్దు. ఎఫెసీయులకు 2:8–10 కలిపి చదవండి. రక్షణ కృపవల్లే, సత్క్రియలు ఆ కృప పొందినవాళ్లు నడవాల్సిన దారి. పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా యేసు తనను పిలిచి ఇంటికి వచ్చాకే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు (లూకా 19:8).

మీ నోరు మాట తప్పడం దగ్గర ఆగిందా? చీనీ (బత్తాయి) తోట టన్ను ఇంతకని ఒకరితో ఒప్పుకున్నాక, మర్నాడు ఇంకొకరు ఎక్కువ ఇస్తామంటే ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. చాడీల దగ్గర ఆగితే ఆ మాటలు ఎవరి చెవిన వేశారో వాళ్ల దగ్గరికే వెళ్లి సరిచేయాలి. డబ్బు తిరిగివ్వడం కన్నా అది కష్టం.

ఈ ఆదివారం లోపు ఆ ఒక్క పని చేయండి. చేశాక గీత పక్కన తేదీ రాయండి. నా బైబిల్లో ఆ తేదీ పడటానికి రెండు నెలలు పట్టింది. వచ్చే పాఠం 13వ కీర్తన.